కాచోజు మునిగినవాళ్ళ ఊరికి వెళ్ళొచ్చిన కథ

దా కన్నా, ఇటు జరిగి పడుకో. కాళ్ళు తుడుచుకున్నావా? సరే. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఊఁ అనడం మానేస్తే నేనూ కథ ఆపేస్తాను.

అనగనగా, ఓరుగల్లు కోటలో రాజులు ఏలుతున్న రోజుల్లో, సముద్రం ఒడ్డున గవ్వలపాలెం అని ఒక రేవు ఊరు ఉండేది. ఆ రేవుకి ఎక్కడెక్కడి నుంచో ఓడలు వచ్చేవి. గుర్రాలు దిగేవి, కర్పూరం దిగేది. అద్దకపు బట్టలు మూటలు మూటలుగా ఎక్కేవి. పొద్దున లేచింది మొదలు ఆ ఇసకలో సుత్తి చప్పుడూ ఉలి చప్పుడూ తప్ప ఇంకోటి వినపడేది కాదు.

ఆ ఊళ్ళో కాచోజు అని ఒక ఓడ వడ్రంగి ఉండేవాడు. పెళ్ళాం పిల్లలు లేరు, ఒంటి మనిషి. పనిలో మాత్రం అతని తర్వాతే ఎవరైనా. కొయ్యను చేత్తో నిమిరి, ఇది ఎన్నేళ్ళ చెట్టుదో చెప్పేసేవాడు. అతను చేసిన ఓడ ఎక్కితే ఇంట్లో మంచం మీద పడుకున్నట్టే ఉంటుందని జనం చెప్పుకునేవాళ్ళు.

అతనికి ఆ మాట వినడమంటే భలే ఇష్టం. మరీ ఎక్కువ ఇష్టం. అక్కడే వచ్చింది చిక్కు.

ఒకసారి కాచోజు కొత్త ఓడ ఒకటి చేశాడు. దాన్ని నీళ్ళలోకి దించే రోజు దగ్గరపడింది. ఆ రోజు రేవు అధికారి స్వయంగా వస్తాడనీ, అన్నిటిలోకీ మంచి ఓడ చేసినవాడి చేతికి బంగారు కడియం తొడుగుతాడనీ దండోరా వేశారు.

అప్పుడు కాచోజు ఓడ చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాడు. వెనకవైపు, నీళ్ళల్లో మునిగే చోట, ఒక పలక మీద వేలు పెట్టాడు. వేలు లోపలికి దిగిపోయింది. పలకని పురుగు తినేసింది.

ఆ పలక మార్చాలంటే మూడు రోజులు పడుతుంది. అధికారి రేపే వస్తున్నాడు. కాచోజు అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ లేరు. ఇంత కొబ్బరిపీచు తీసుకుని ఆ బొక్కలో కూరాడు. దాని మీద గుగ్గిలం కాచి పోశాడు. ఆ పైన నల్లగా నూనె రాశాడు. ఇంక ఎవరు చూసినా ఏమీ తెలీదు. ఓడ ఒకసారి వెళ్ళి తిరిగొచ్చాక మార్చేద్దాంలే అనుకున్నాడు.

మర్నాడు కడియం అతనికే వచ్చింది.

ఆ తర్వాత ఆ ఓడ మొదటి ప్రయాణం కట్టింది. అందులో ముగ్గురు ఎక్కారు. ఒకడు బేతయ్య, ఓడ నడిపే ముసలి సరంగు. ఇంకొకడు సూరిసెట్టి, చందనం అమ్ముకునేవాడు. మూడో ఆవిడ మైలమ, బట్టలకి ఎర్రరంగు అద్దే మనిషి. ఎర్రరంగుకి చిరువేరు కావాలి కదా, అది ఎదురుగా ఉన్న లంకలో దొరుకుతుంది. తవ్వి తెచ్చుకుందామని బయల్దేరింది. ఆవిడకి అయిదేళ్ళ కూతురు, పేరు కుందమ. కూతుర్ని చెల్లెలి దగ్గర వదిలి, పొద్దుగూకేలోపు వచ్చేస్తానని చెప్పి ఓడెక్కింది.

ఓడ వెళ్ళింది. తిరిగి రాలేదు.

గాలి లేదు, వాన లేదు. సముద్రం పళ్ళెంలో పోసిన పాలలాగా ఉంది ఆ రోజు. ఊరు ఊరంతా ఒడ్డుకి చేరింది. ఏమయ్యుంటుందని అందరూ కాచోజునే అడిగారు. కాచోజు ఏ తిమింగలమో తోకతో కొట్టి ఉంటుందని చెప్పాడు. జనం నమ్మేశారు. నమ్మడమే కాదు, పాపం అంత మంచి ఓడ పోయిందే అని అతన్నే ఓదార్చారు. ఒకావిడ అతని కోసం పులుసు కాచి తెచ్చింది. ఆ పులుసు అతను ముట్టుకోలేదు.

అప్పటి నుంచీ కాచోజుకి అన్నం సయించడం మానేసింది. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, ఆ చిన్నపిల్ల కుందమ రోజూ అతని దగ్గరికి వచ్చేది. ఓడలు చేసేవాడు కాబట్టి ఓడల సంగతులన్నీ ఇతనికే తెలుస్తాయనుకుంది. వచ్చి, చెక్కపొట్టులో కాళ్ళు చాపుకుని కూర్చుని అడిగేది.

“మావయ్యా, మా అమ్మ ఓడ ఎప్పుడొస్తుంది?”

మొదటి నెల వస్తుందమ్మా అన్నాడు. రెండో నెల తల వంచుకుని పలక చెక్కుతూ ఉండిపోయాడు. మూడో నెల పని వదిలేసి లేచి, అక్కడ పోలి అని ఒక ముసలమ్మ గవ్వలేరుకుంటుంటే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. సముద్రం గురించి ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. మునిగిపోయినవాళ్ళు ఎక్కడికి వెళ్తారు అవ్వా అని అడిగాడు.

పోలి అతని ముఖం కాసేపు చూసింది. తూర్పుగా మూడు రోజులు పోతే నీలిసుడి ఉంటుందనీ, దాని అడుగున వేరే లోకం ఉందనీ, సముద్రం మింగినవాళ్ళంతా అక్కడ సుఖంగానే ఉంటారనీ చెప్పింది. మరి తీసుకురావచ్చా అని అడిగితే ఇంకో మాట చెప్పింది.

“బరువున్నవాడు ఇట్టే దిగుతాడు నాయనా. పైకి రావాలంటే మాత్రం తేలికైపోవాలి.”

కాచోజుకి ఆ మాట సగమే అర్థమైంది. బరువంటే ఒంటి బరువనుకున్నాడు. చిన్న నావ ఒకటి చేసుకుని, మూడు కొబ్బరికాయలూ, కొయ్య చెక్కే బాడిసె, ఒక ఉలీ మాత్రం పెట్టుకుని బయల్దేరాడు. పిచ్చివాడు, కాస్త చద్ది కూడా కట్టుకోలేదు.

మొదటి రోజు సముద్రం ఆకుపచ్చగా ఉంది. చేపలు ఎగిరెగిరి నావలో పడ్డాయి. రెండో రోజు నీలంగా ఉంది. కనుచూపు మేరలో ఒక్క పక్షి లేదు. మూడో రోజు నల్లగా, కదలకుండా ఉంది. తెడ్డు వేస్తే చప్పుడు కూడా రాలేదు. భయం వేసింది కాచోజుకి. వెనక్కి తిరుగుదామా అనుకున్నాడు. తిరిగితే ఒడ్డున ఆ పిల్ల కూర్చుని ఉంటుంది. ముందుకే తెడ్డు వేశాడు.

అప్పుడు సుడి వచ్చింది. దిగుడుబావికి మెట్లున్నట్టు నీళ్ళు మెట్లు మెట్లుగా కిందికి ఉన్నాయి. నావ ఒక్కొక్క మెట్టూ దిగుతూ పోయింది. అతను ఏమీ చెయ్యనక్కర్లేకపోయింది, అదే దిగింది.

నీళ్ళల్లో ఊపిరెలా ఆడిందంటావా? అక్కడి నీళ్ళు మన పొగమంచులాంటివి. తడి తెలుస్తుంది కానీ ముక్కులోకి పోదు.

ఆ లోకం ఎలా ఉందో చెప్తా విను. పైన ఆకాశం బదులు సముద్రం. దాంట్లోంచి ఎండ లేత అరిటాకులోంచి పడ్డట్టు పడుతోంది. చేపలు పిచ్చుకల్లాగా గుంపులు గుంపులుగా పోతున్నాయి. ఊళ్ళో ఇళ్ళన్నీ బోర్లించిన ఓడలే. ఓడ అడుగే ఇంటి కప్పు. గుమ్మాలకి తోరణాల బదులు గవ్వల దండలు. అక్కడెవరికీ ఆకలి లేదు, ముసలితనం లేదు, రోగం లేదు.

కాచోజుకి ముందు బేతయ్య కనిపించాడు. ఒక అరుగు మీద కూర్చుని నలుగురితో కబుర్లు చెబుతున్నాడు. కాచోజు అతని కాళ్ళ మీద పడి, నా పని వల్ల పొరపాటు జరిగింది తాతా, నాతో వచ్చెయ్యి అన్నాడు. బేతయ్య నవ్వాడు. ముప్ఫై ఏళ్ళ కిందట సముద్రంలో పోయిన తమ్ముళ్ళిద్దరూ ఇక్కడే దొరికారనీ, వాళ్ళని వదిలి ఎక్కడికీ రాననీ చెప్పాడు.

ఆ తర్వాత సూరిసెట్టి కనిపించాడు. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. అతనికి పైన ఉన్నన్నాళ్ళూ కడుపునొప్పి. ఏం తిన్నా నొప్పే. ఇక్కడికొచ్చాక ఒక్కపూట కూడా రాలేదట. తనకోసం అక్కడ ఏడ్చేవాళ్ళెవరూ లేరనీ, ఆ కడుపునొప్పి దగ్గరికి తనని మళ్ళీ తీసుకుపోవద్దనీ చేతులు పట్టుకుని బతిమాలాడు.

మూడోది మైలమ. ఆవిడ ఊరి చివర, ఒంటరిగా, తల పైకెత్తి నిలబడి ఉంది. వచ్చినప్పటి నుంచీ అలాగే నిలబడుతుందట. పైన ఏదైనా ఓడ నీడ పోతే చాలు, చెయ్యెత్తి పిలుస్తుందట. కాచోజుని చూడగానే ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

“అన్నా, నా కూతురెలా ఉంది?”

బాగుందమ్మా, రోజూ నిన్నే అడుగుతోంది అన్నాడు. మైలమ ఇంకో మాట అడగలేదు. తను తవ్వుకున్న చిరువేరు మూట చంకలో పెట్టుకుని గబగబా నావలో కూర్చుంది. ఏం ఆశో చూడు, అక్కడ కూడా ఆ మూట దాచుకునే ఉంది.

కాచోజు తెడ్డు వేశాడు. నావ మనిషి ఎత్తు లేచింది. ఆగింది. మెల్లగా మళ్ళీ కిందికి వచ్చి కూర్చుంది.

బరువెక్కువైందనుకున్నారు. మైలమ తన మూట తీసి అవతల పెట్టింది. మళ్ళీ తెడ్డు వేశారు. ఈసారి తాటిచెట్టు ఎత్తు లేచింది. మళ్ళీ దిగిపోయింది. అప్పుడు కాచోజు బాడిసె తీసేశాడు, ఉలి తీసేశాడు. చేతికున్న బంగారు కడియం కూడా లాగి విసిరేశాడు. మూడోసారి తెడ్డు వేశాడు. ఈసారి నావ ఒక్క జానెడు కూడా లేవలేదు.

పక్కన నిలబడి చూస్తున్న బేతయ్య అప్పుడు చెప్పాడు, నెమ్మదిగానే చెప్పాడు.

“సామాను బరువు కాదయ్యా అది. ఈ నీళ్ళు దేన్నైనా మోస్తాయి కానీ, దాచిపెట్టుకున్న మాటని మోయవు. మీ ఇద్దరిలో ఎవరు దాచారో తీసెయ్యండి.”

మైలమ ఆలోచించి, నా దగ్గర దాచేదేం లేదు అంది. అని కాచోజు వైపు చూసింది.

పోలి చెప్పిన బరువేమిటో కాచోజుకి అప్పుడు అర్థమైంది. పొరపాటు జరిగిందని చెప్పాడు కానీ, తెలిసి చేశానని ఎవరికీ చెప్పలేదు కదా. చెప్తే ఈవిడ నావ దిగిపోతుంది. ఇంత దూరం వచ్చింది దండగైపోతుంది. పైగా తనకిక పైకి దారే ఉండదు. ఇంకేదో ఒకటి చెబుదామా అని కూడా అనుకున్నాడు. తిమింగలం మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఆ మాటంటే అతనికే అసహ్యం వేసింది. తెడ్డు కింద పెట్టేశాడు.

“ఆ పలక పురుగు తిన్నదని నాకు ముందే తెలుసమ్మా. నా వేలు పెట్టి చూశాను. మార్చడానికి మూడు రోజులు పడుతుంది, కడియం ఇంకొకడికి పోతుందని పీచు కూరి, పైన నూనె రాసేశాను. అడిగినవాళ్ళకి తిమింగలం అని చెప్పాను. తెలిసే మిమ్మల్ని ఎక్కించాను.”

మైలమ అతన్ని తిట్టలేదు. కొట్టలేదు. నావ దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

కాచోజు అక్కడే కూర్చున్నాడు. ఒక రోజు గడిచింది, ఆవిడ రాలేదు. రెండో రోజు గడిచింది, రాలేదు. విచిత్రం ఏమిటంటే కన్నా, అన్ని నెలల తర్వాత అతనికి ఆ రెండు రోజులూ హాయిగా నిద్రపట్టింది. నావకి ఆనుకుని పసిపిల్లాడిలా పడుకున్నాడు. లేచాక, తను ఇక ఇక్కడే ఉండిపోయినా ఫరవాలేదు, ఆవిడ ఒక్కతే వెళ్ళగలిగేలా నావ బాగుచెయ్యాలి అనుకున్నాడు. విసిరేసిన ఉలి వెతికి తెచ్చి, ఒక్క మనిషే నడుపుకోవడానికి వీలుగా చిన్న తెడ్లు రెండు చెక్కడం మొదలుపెట్టాడు.

మూడో రోజు మైలమ వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ తెడ్లని చూసింది. అవెందుకని అడిగింది. చెప్పాడు. ఆవిడ ఒక తెడ్డు చేతిలోకి తీసుకుని అంది.

“నిన్ను చూస్తే నాకింకా ఒళ్ళు మండుతోంది. అది ఎప్పటికి చల్లారుతుందో నాకు తెలీదు. ఇక్కడ నాతో అన్న మాట, అక్కడ ఊరందరి ముందూ అంటావా?”

“అంటాను.”

“అయితే పద.”

ముందులా ‘అన్నా’ అని పిలవలేదు చూశావా? ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

ఇద్దరూ నావలో కూర్చున్నారు. కాచోజు ఇంకా తెడ్డు అందుకోనేలేదు, నావ లేచింది. ఊరి మీదుగా, చేపల గుంపుల మీదుగా, ఎండ పడుతున్న వైపుకి తేలుతూ పోయింది. కింద నుంచి బేతయ్య, అతని తమ్ముళ్ళు, సూరిసెట్టి చేతులూపారు. వాళ్ళు చీమలంత అయిపోయారు. ఆ తర్వాత కనపడలేదు. గుప్పున ఉప్పుగాలి తగిలింది. పైన నిజమైన ఆకాశం.

మూడు రోజులకి గవ్వలపాలెం కనిపించింది. అక్కడ ఉన్నది కొద్ది రోజులే అనుకున్నారు కానీ, ఇక్కడ మూడేళ్ళు గడిచిపోయాయి. అయిదేళ్ళ కుందమకి ఎనిమిదేళ్ళు వచ్చాయి. పొడుగైంది, జడ వేసుకుంది, ముందు రెండు పళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. ఇసకలో పిన్నితో కలిసి ఎర్రబట్టలు ఆరేస్తోంది.

మైలమ నావ దిగింది కానీ దగ్గరికి వెళ్ళలేదు. పిల్ల గుర్తుపట్టదేమోనని భయం. అక్కడే ఇసకలో కూలబడి, కుందీ అని పిలిచింది. పిల్ల చేతిలో బట్ట అలాగే పట్టుకుని చూసింది. చూసి చూసి దగ్గరికొచ్చింది. ముఖం మీద చెయ్యి వేసి తడిమింది.

“పొద్దుగూకేలోపు వస్తానన్నావు కదా అమ్మా” అంది.

ఇంక ఆ తల్లి ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఎంత ఏడ్చిందో, ఎంత నవ్విందో, నేను చెప్పలేను. నువ్వే అనుకో.

కాచోజు ఆగలేదు. ఆగితే ధైర్యం పోతుందని తెలుసు. జనం పోగవగానే వాళ్ళ మధ్యలోకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు మొదటి నుంచీ చివరిదాకా చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. కొందరు అతని మీద ఇసక విసిరారు. పులుసు తెచ్చిన ఆవిడ ముఖం తిప్పుకుంది. పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. మూడేళ్ళ పాటు అతను సొంతంగా ఓడ చెయ్యకూడదు, మిగతా వడ్రంగుల దగ్గర గంజి నీళ్ళకి పలకలు మొయ్యాలి. కాచోజు సరేనన్నాడు. మూడేళ్ళూ మోశాడు. భుజాలు కాయలు కాశాయి కానీ, తిన్న గంజి ఒంటికి పట్టింది. మనిషి తేరుకున్నాడు.

మూడేళ్ళయ్యాక మళ్ళీ ఒక ఓడ చేశాడు. చక్కని ఓడ. కానీ ఎవరూ ఎక్కరే. ఎలా ఎక్కుతారు చెప్పు? రెండు వారాలు ఆ ఓడ ఒడ్డునే ఉంది.

అప్పుడు మైలమ వచ్చింది. చీర చెంగు బిగించి, ఓడ కిందికి దూరి, ఎర్రరంగు అంటిన వేలితో ఒక్కొక్క పలకా, ఒక్కొక్క సందూ నొక్కి చూసింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. ఇవతలికి వచ్చి, బాగానే ఉంది, ఎక్కండి అంది. జనం ఎక్కారు.

ఆ రోజు నుంచీ అదే పద్ధతి. కాచోజు ఏ ఓడ చేసినా మైలమ వేలు పెట్టి చూశాకే నీళ్ళలోకి దిగేది. రెండుసార్లు ఆవిడ తల అడ్డంగా ఊపింది కూడా. ఒకసారి మేకు వదులుగా ఉంది, ఇంకోసారి గుగ్గిలం సరిగా ఆరలేదు. కాచోజు కిమ్మనకుండా మళ్ళీ చేశాడు. అతని ఓడల్లో ఒక్కటి కూడా మునగలేదు.

ఏమిటీ? ఆవిడ అతన్ని క్షమించిందా అంటావా? నేనూ మా అమ్మమ్మని అదే అడిగాను. చెప్తా, ఇంకొంచెమే ఉంది.

కుందమ పెద్దదైంది. పదమూడేళ్ళు వచ్చాయి. చిరువేరు తవ్వడానికి లంకకి తనే వెళ్తానని పట్టుబట్టింది. ఆ రోజు రేవులో బయల్దేరే ఓడ ఒక్కటే, కాచోజు కొత్తగా చేసింది. మైలమ ఆ ఓడ చుట్టూ మూడుసార్లు తిరిగింది. వేలు పెట్టి చూసిందే మళ్ళీ చూసింది. అందరూ ఎదురుచూస్తున్నారు. కాచోజు ఒక పక్కగా నిలబడ్డాడు. మైలమ లేచి, చేతులు దులుపుకుంది. కూతుర్ని దగ్గరికి పిలిచి, చద్దిమూట చేతికిచ్చి, చెయ్యి పట్టుకుని తనే ఓడ ఎక్కించింది.

ఓడ కదిలింది. చిన్నదై, చిన్నదై, చుక్కంత అయింది. ఒడ్డున వాళ్ళిద్దరే మిగిలారు. మైలమ ఇసకలో కూర్చుంది. కాచోజు కాస్త దూరంగా కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ సముద్రం వైపే చూస్తూ అడిగింది.

“పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?”

లేదన్నాడు. ఆవిడ తనకోసం తెచ్చుకున్న రెండో చద్దిమూట విప్పి, సగం ఆకులో పెట్టి అతని వైపు జరిపింది. ఎండ చల్లబడేవేళకి ఓడ వచ్చింది. కుందమ ఒళ్ళంతా మట్టి చేసుకుని, చిరువేరు మోపుల మీద కూర్చుని చేతులూపుతోంది.

అంతే కన్నా. ఊఁ అనడం లేదేం? సరే, కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
ఓడేమో రేవుకి,
కునుకేమో కంటికి,
నువ్వేమో నా ఒడికి.